అట్ట ముందు పేరు ఒకటే, అట్ట వెనక పేర్లు చూడండి

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ బస్సులో ఇంజనీరింగ్ కాలేజీకి వస్తూ రెండు నెలలుగా జాజ్ వింటున్నారు. ఏ జాబితా చూసినా ముందు కనపడే రెండూ విన్నారు: మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ', జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్'. ట్రంపెట్, శాక్సఫోన్ బాగానే ఉన్నాయి గానీ "వెనకాల ఎవరికి తోచింది వాళ్ళు వాయిస్తున్నట్టుంది". అయినా తెలిసినవాళ్ళు బేస్ వాయించినాయన పేరో, డ్రమ్స్ వాయించినాయన పేరో చెప్పుకుని మురిసిపోతుంటారు, ఎందుకు? ఈ మధ్య వచ్చినవాటిలో ఏవి వినాలి? చిన్నప్పుడు అయిదేళ్ళు నేర్చి వదిలేసిన మృదంగం ఇందులో ఏమైనా అక్కరకొస్తుందా?

ఆ చివరి ప్రశ్నే అసలు ప్రశ్న, సామీ. నేను తిరుపతిలో ముప్పై ఏళ్ళ పైబడి మృదంగం వాయిస్తూ, నలుగురికి చెప్పుకుంటూ బతుకుతున్నవాణ్ణి. జాజ్‌లోకి నేను పోయిందే పక్కవాద్యం గుమ్మంలోంచి. వేరే దారి నాకు తెలీదు, అందుకని చెప్పేదంతా అటువైపు నుంచే ఉంటుంది.

ముందు బస్సు సంగతి తేల్చేద్దాం. జాజ్‌లో వాడే నిలువు బేస్ మనిషి కంటే ఎత్తుండే పెద్ద వయొలిన్ లాంటిది. దాని అడుగు తీగ సెకనుకు 41 సార్లు మాత్రమే కంపిస్తుంది. బస్సు ఇంజను గుర్రుమనే మోత కూడా ఆ అట్టడుగునే ఉంటుంది, రెండూ కలిసిపోతాయి. ఫోన్ స్పీకర్లో పెడితే ఆ కింది స్వరాలు అసలు పలకవు. కచేరీలో తంబూరా తీసేసి, మృదంగం తొప్పి వైపు, అంటే కింది స్వరం పలికే ఎడమవైపు, మైకు ఆపేసి, ఇక వినండి అన్నట్టుంటుంది. మీకు వెనకాల గందరగోళంగా అనిపించిందంటే సగం తప్పు బస్సుదే. 'కైండ్ ఆఫ్ బ్లూ' 45 నిమిషాలు, 'ఎ లవ్ సుప్రీమ్' 33 నిమిషాలు. రాత్రి ఇంట్లో ఫ్యాను ఒకటి మీద పెట్టుకుని ఇంకోసారి వినండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం అనాలనిపించింది గానీ, ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి రాసేస్తాను.

మన కచేరీ పోస్టరు మీకు తెలిసిందే. గాయని ఫోటో పెద్దది, వయొలిన్, మృదంగం పేర్లు అడుగున చిన్న అక్షరాల్లో. కానీ అదే గాయని అదే కీర్తనను మహతి ఆడిటోరియంలో ఒక మృదంగంతోనూ, అన్నమాచార్య కళామందిరంలో ఇంకో మృదంగంతోనూ పాడితే ఒకసారి కీర్తన నడుస్తుంది, ఇంకోసారి పరుగెడుతుంది. ఇది నాకు దెబ్బ తిన్నాక తెలిసింది. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు చిత్తూరులో ఒక శ్రీరామనవమి పందిట్లో వాయించాను. చేతులు బాగా తిరుగుతున్న వయసు. ఖాళీ కనపడితే చాలు నింపేయడమే. విరామంలో వయొలిన్ వాయించిన పెద్దాయన టీ గ్లాసు పట్టుకుని పక్కకు పిలిచి, "నాయనా, ఆ తల్లి ఊపిరి పీల్చుకునే చోటు కూడా నువ్వే తీసుకుంటే ఎట్లా?" అన్నాడు. మిగతా కచేరీ అంతా సర్వలఘువు, అంటే హంగుల్లేని మామూలు నడక, తప్ప ఏమీ వాయించలేదు, భయంతో. ఆశ్చర్యం ఏమిటంటే ఆమె పాట అప్పుడు విచ్చుకుంది. మొదటి సగంలో రాని సంగతులు, అంటే ఒకే పంక్తిని తిప్పి తిప్పి పాడే కొత్త మెలికలు, రెండో సగంలో వచ్చాయి.

జాజ్‌లో ఈ వ్యవహారం ఇంకో మెట్టు పైన ఉంటుంది. మనకు షడ్జం కదలదు, కాబట్టి పక్కవాద్యం ఎంత చేసినా పాడేవాళ్ళ స్వరానికి అర్థం మారదు. అక్కడ పియానో వాయించేవాడు కింద ఒకేసారి పలికే స్వరాల పొందిక, అంటే కార్డ్, మార్చేస్తే పైన ట్రంపెట్ పలికిన అదే స్వరం ఒక క్షణం సుఖంగానూ, మరుక్షణం దిగులుగానూ వినిపిస్తుంది. బేస్ కూడా అంతే, కింద ఏ స్వరం మీద నిలబడితే పైదానికి ఆ రంగు వస్తుంది. అంటే వెనకాల ఉన్నవాళ్ళు పాటకు తోడుగా వాయించడం వరకే ఆగరు, ముందున్నవాడు ఏం చెప్తున్నాడో కూడా సగం వాళ్ళే తేలుస్తారు. పియానో చేసే ఈ పనిని కాంపింగ్ అంటారు. మన చిత్తూరు వైపు పెళ్ళిళ్ళలో శాక్సఫోన్ మేళం పెడతారు కదా, అందులో డోలు ఆయన్ని ఎప్పుడైనా చూశారా? చేతులు డోలు మీద, కళ్ళు పురోహితుడి చేతి మీద. ఆ చెయ్యి లేచిందంటే శాక్సఫోన్ ఏ రాగంలో ఏ సంగతిలో ఉన్నా సరే, గట్టిమేళమే. ఆ కళ్ళే కాంపింగ్‌కు మూలం.

ఇప్పుడు 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటి పాట 'సో వాట్' పెట్టుకోండి. న్యూయార్క్‌లో కొలంబియా వాళ్ళ 30వ వీధి స్టూడియోలో 1959 మార్చి 2న రికార్డయింది. మొదట పియానో, బేస్ రెండూ మెల్లగా ఏదో వెతుక్కుంటున్నట్టు వాయిస్తాయి. తర్వాత అసలు వరస వస్తుంది. దాన్ని వాయించేది ట్రంపెట్ అనుకున్నారేమో, కాదు. బేస్. పాల్ ఛాంబర్స్. పల్లవి ఎత్తుకున్నది పక్కవాద్యం, "ఊఁ, ఊఁ" అని రెండు ముక్కల్లో జవాబిచ్చేది పియానో, ఆ తర్వాత ముందున్న ఊదే వాద్యాలు. మన కచేరీలో వయొలిన్ పల్లవి అందుకుంటే గాయని తాళం వేస్తూ కూచున్నట్టు! మీరు బస్సులో విన్నప్పుడు ఈ పల్లవే మీకు వినపడి ఉండదు. జవాబులు మాత్రం విన్నారు, ప్రశ్నలు ఇంజనులో కలిసిపోయాయి.

రాగం సంగతి మనవాళ్ళకు తేలిక. స్వరస్థానాలన్నీ ఖరహరప్రియవి. 32 బార్లు (బార్ అంటే తాళంలో ఒక చిన్న ఆవర్తం) ఒక చుట్టు: మొదటి 16 బార్లు రెండు శ్రుతిలో (వాళ్ళ లెక్కలో 'డి') ఖరహరప్రియ, తర్వాతి 8 బార్లు అదే రాగం రెండున్నర శ్రుతికి లేస్తుంది, చివరి 8 బార్లు మళ్ళీ రెండుకి దిగుతుంది. తంబూరాను కూడా ఎత్తి పక్కన పెట్టినట్టన్నమాట. మా గురువుగారికి ఒకసారి వినిపించబోయాను, ఆ లేచే చోట ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. త్యాగరాజస్వామి 'పక్కల నిలబడి' కూడా ఖరహరప్రియే. స్వామికి అటొకరు ఇటొకరు నిలబడి సేవ చేసే ముచ్చట అది. నాకు ఆ కీర్తన గుర్తొచ్చినప్పుడల్లా ఛాంబర్స్, డ్రమ్స్ మీద జిమ్మీ కాబ్ గుర్తొస్తారు. రాగం ఒకటే కావడం కాకతాళీయమే అనుకోండి.

ఒకటిన్నర నిమిషం దగ్గర చెవి పెట్టండి. వరస ముగిసి మైల్స్ ఒంటరిగా అందుకునే చోట, సరిగ్గా సమం మీద, అంటే ఆవర్తం మొదటి దెబ్బ మీద, కాబ్ తాళపు పళ్ళేన్ని (సింబల్) ఒక్కటి కొడతాడు. ఆ దెబ్బ చల్లారే లోపల పాట నడక మారిపోయి ఉంటుంది. అంతకు ముందు మాట్లాడుకుంటున్నవాళ్ళు లేచి రోడ్డు మీదికి వచ్చి నడుస్తున్నట్టు ఉంటుంది. బేస్ అక్కడి నుంచి లయకు ఒక అడుగు చొప్పున నడుస్తుంది, నిలబడని తంబూరా అనుకోండి. కాబ్ కుడిచెయ్యి సింబల్ మీద పోనిచ్చేది అచ్చంగా మన సర్వలఘువు. గొప్పలు లేవు, తీర్మానాలు (ముక్తాయింపులు) లేవు. ఆ ఆల్బంలో వాయించిన ఏడుగురిలో అందరికంటే చివరగా, 2020లో పోయాడాయన.

ఇక నా క్యాసెట్టు కథ. మద్రాసు మూర్ మార్కెట్లో కొన్నాను. లోపల పేర్ల కాగితం లేదు. డబ్బా మీద మైల్స్ బొమ్మ మాత్రం ఉంది. ఆరేళ్ళు ఆ క్యాసెట్టు విన్నాను, ఎవరెవరు వాయించారో తెలీకుండా. రెండు విషయాలు నన్ను తినేసేవి. ఒకటి, రెండో పాట 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్'లో పియానో హుషారుగా, కాలు కదిపేటట్టు ఉంటుంది. మిగతా పాటల్లో అదే పియానో కిటికీలోంచి వాన చూస్తున్నట్టు ఉంటుంది. ఆయనకు ఆ ఒక్క పాటప్పుడు మనసు బాగుందేమో అనుకునేవాణ్ణి. రెండు, శ్రుతిపెట్టె పెట్టుకుని వింటే 'ఏ' వైపు పాటలు పూర్తిగా శ్రుతిలో ఉండేవి కావు, పావు స్వరం అంత పైకి. 'బి' వైపు తిప్పితే చక్కగా ఉండేవి. టేప్ రికార్డరు చెడితే రెండు వైపులా చెడాలి కదా? మెకానిక్ దగ్గరికి రెండుసార్లు తీసుకుపోయాను. రెండుసార్లూ డబ్బులు తీసుకున్నాడు, బాగైంది అన్నాడు.

రెండింటికీ జవాబు చాలా ఏళ్ళ తర్వాత దొరికింది. పియానో వాళ్ళు ఇద్దరు! 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్'లో ఉన్నది వింటన్ కెల్లీ, అప్పటికి ఆ బృందంలో అసలు పియానో ఆయనదే. మిగతా పాటలకు బిల్ ఎవాన్స్. ఎవాన్స్ అంతకు ముందే బృందం వదిలేసి పోయాడు, ఈ ఆల్బం కోసమని మైల్స్ వెనక్కి పిలిపించుకున్నాడు. శ్రుతి సంగతీ అంతే: మార్చి 2న స్టూడియోలో టేపు యంత్రం ఒకటి నెమ్మదిగా తిరిగింది, దాంతో ఆ రోజు పాటలు వినేటప్పుడు కాస్త వేగంగా, పైశ్రుతిలో పలికాయి. 'ఏ' వైపు మూడూ ఆ రోజువే. 'బి' వైపు రెండూ ఏప్రిల్ 22న రికార్డైనవి, వాటికి ఆ బాధ లేదు. 1992లో గానీ దాన్ని సరిచేసి విడుదల చెయ్యలేదు. మీరు ఫోన్లో వింటున్నది సరిచేసినదే అయ్యుంటుంది.

ఈ ఇద్దరు పియానోల సంగతి తెలిశాక నేను రికార్డు కొనే పద్ధతే మారిపోయింది. అదే గది, అదే నాయకుడు, అదే బేస్, అదే డ్రమ్స్. మధ్యలో ఒక్క మనిషి మారితే ఇల్లంతా మారింది. మీకు నేను చెప్పదలచుకున్నది నిజానికి ఈ ఒక్కటే. ఇకమీదట అట్ట ముందున్న పేరు పట్టుకుని తర్వాతి ఆల్బంకు పోకండి. వెనకున్న ఒకాయన్ని ఎంచుకుని ఆయన వెంట పోండి. చాలా యాప్‌లలో ఈ పేర్లు సరిగా ఉండవు, చాలాసార్లు పాట రాసినవాళ్ళ దగ్గరే ఆపేస్తారు. డిస్కాగ్స్ అనే సైటులో పాత అట్టల వెనక వైపు ఫోటోలు కూడా దొరుకుతాయి.

పాల్ ఛాంబర్స్‌తోనే మొదలుపెట్టండి. 'కైండ్ ఆఫ్ బ్లూ' రెండో విడత రికార్డైన 1959 ఏప్రిల్ 22న ఆయనకు 24 ఏళ్ళు నిండాయి, ఆ రోజు ఆయన పుట్టినరోజు. 33 ఏళ్ళకే పోయాడు. ఆయన వెంట వెనక్కిపోతే 1957 సెప్టెంబరులో కోల్ట్రేన్ చేసిన 'బ్లూ ట్రెయిన్' వస్తుంది. ముందుకు పోతే కోల్ట్రేన్‌దే 'జెయింట్ స్టెప్స్'. దాంట్లో 'మిస్టర్ పీ.సీ.' అనే పాట ఛాంబర్స్ పేరు మీద కట్టిందే. అసలు తమాషా 'నైమా' దగ్గర ఉంది. ఆ ఆల్బంలో అది ఒక్కటే వేరే బృందంతో: కెల్లీ, ఛాంబర్స్, కాబ్. అంటే మీరు 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్'లో విన్న ఆ ముగ్గురే. అక్కడ అంత హుషారు చేసినవాళ్ళు ఇక్కడ అడుగు తీసి అడుగు వెయ్యరు. ఛాంబర్స్ ఐతే ఒక్కో స్వరాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడతాడు, ఈసారి నిజంగానే తంబూరా. పైన కోల్ట్రేన్ వరసను మెల్లగా పలికిస్తాడు. రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి.

అదే ఆల్బం మొదటి పాటలో పియానో వాయించినవాడు టామీ ఫ్లానగన్. చిక్కు వరస, విపరీతమైన వేగం, కార్డ్ మీద కార్డ్ మారిపోతుంటుంది. తన వంతు వచ్చేసరికి ఆయన తడబడ్డాడు, ఆగి ఆగి వాయించాడు, అది అలాగే రికార్డులో ఉండిపోయింది. కొంతమంది దాన్ని నవ్వుతూ చెప్పుకుంటారు. నాకు నవ్వు రాదు. కొత్త కోర్వై, అంటే లెక్క కట్టిన ముగింపు, వేదిక మీద మొదటిసారి వింటూ దానికి జవాబు వాయించాల్సొచ్చిన ఎవడికీ నవ్వు రాదు.

'ఎ లవ్ సుప్రీమ్' దగ్గరికి వద్దాం. 1964 డిసెంబరు 9న ఒక్క పూటలో అయిపోయింది. న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ స్టూడియో. ఈ వాన్ గెల్డర్ మొదట్లో పగలు కళ్ళద్దాల డాక్టరు పని చేసుకుంటూ, అమ్మానాన్నల ఇంటి హాల్లో రికార్డింగులు చేసినవాడు. 'బ్లూ ట్రెయిన్' ఆ హాల్లోదే. పియానో, డ్రమ్స్ ఎంత దగ్గరగా వినపడాలన్నది ఆయన చేతిలో పని. కాబట్టి మైకు పెట్టినవాణ్ణి కూడా పక్కవాద్యంలో కలుపుకోండి.

మొదట ఒక గంట మోగుతుంది, శాక్సఫోన్ పిలుపు, తర్వాత జిమ్మీ గ్యారిసన్ బేస్ మీద నాలుగు స్వరాల ముక్క. అంతే పల్లవి. కోల్ట్రేన్ చాలాసేపు ఎక్కడెక్కడికో పోయి వచ్చి ఆ నాలుగు స్వరాలనే పట్టుకుని 12 శ్రుతుల్లోనూ తిప్పుతాడు, గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు. చివరికి నోటితో అంటాడు. డ్రమ్స్ మీద ఎల్విన్ జోన్స్. మీకు "ఎవరికి తోచింది వాళ్ళు" అనిపించింది ఈయన దగ్గరే అయ్యుంటుంది, ఎందుకంటే ఈయన ఒక చెయ్యి తిశ్రంలో (మూడు లెక్క), ఇంకోటి చతురశ్రంలో (నాలుగు లెక్క), కాళ్ళు వేరే లెక్కలో పోనిస్తాడు. మృదంగం నేర్చినవాళ్ళకు ఇది కొత్త కాకూడదు. మొదటి పాట మొత్తం వేలితో తాళం వేస్తూ విని చూడండి, సమం ఎక్కడా జారదు. పియానో మెక్కాయ్ టైనర్. ఎల్విన్ పొంగులో కొట్టుకుపోకుండా బల్ల గుద్ది నిలబడే ఎడమచెయ్యి ఆయనది.

నాలుగో భాగం 'సామ్' గురించి జాబితాల వాళ్ళు పెద్దగా రాయరు. మనవాళ్ళకు అది అన్నిటికంటే తొందరగా అందుతుంది. కోల్ట్రేన్ దేవుడి మీద ఒక పద్యం రాసుకున్నాడు, అట్టలో అచ్చు వేశారు. ఈ భాగంలో ఆయన శాక్సఫోన్ మీద వాయించేది ఆ పద్యమే, మాట మాటకూ స్వరం. నోట ఒక్క అక్షరం రాదు. తాళం కూడా లేదు, కింద డ్రమ్స్ ఉరుముతూ ఉంటాయి. బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు నాదస్వరం వాళ్ళు అన్నమయ్య కీర్తన అందుకుంటే జనం పెదవులు కదులుతాయి కదా, పాడేవాళ్ళు లేకపోయినా మాటలు వినపడతాయి కాబట్టి. అట్టలో పద్యం ముందు పెట్టుకుని వింటే ఇదీ అంతే.

మైల్స్ తర్వాతి బృందం గురించి రాస్తే తెల్లారుతుంది. శాక్సఫోన్ వేన్ షార్టర్, పియానో హెర్బీ హ్యాంకాక్, బేస్ రాన్ కార్టర్, డ్రమ్స్ టోనీ విలియమ్స్. టోనీ 1963లో చేరినప్పుడు 17 ఏళ్ళవాడు. ఒక్కటే చెప్తాను: 1967లో రికార్డు చేసిన 'నెఫర్టీటీ', ఆ పేరుతోనే ఉన్న మొదటి పాట. మీ ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు ఎవరూ ఇవ్వలేరు. దాంట్లో ట్రంపెట్, శాక్సఫోన్ కల్పనస్వరాల జోలికి, అంటే అప్పటికప్పుడు అల్లే స్వరాల జోలికి, పోవు. షార్టర్ కట్టిన 16 బార్ల వరసను మొదటి నుంచి చివరి దాకా, మళ్ళీ మళ్ళీ, అదే వాయిస్తాయి. కదిలేదంతా కింద. గాయని పల్లవి తిప్పుతూనే ఉంటే కింద తనియావర్తనం, అంటే మృదంగం వంతు, జరిగిపోతున్నట్టు. టోనీ ముందు ఊరికే సింబల్ మీద వేలు పెట్టినట్టు ఉంటాడు, నాలుగో నిమిషం దాటాక మీరు ట్రంపెట్‌ను మరిచిపోతారు. ఎవరిది ముందు, ఎవరిది పక్క అన్న లెక్కే తారుమారు చేసిన పాట అది. దాన్ని రాసిందీ, అనుమతించిందీ ఊదేవాళ్ళే అన్నది ఇంకా పెద్ద సంగతి.

నెమ్మదైన సంగీతం ఇష్టమైతే బిల్ ఎవాన్స్ ముగ్గురి బృందం. న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్బులో 1961 జూన్ 25, ఆదివారం, రోజు మొత్తానికి అయిదు విడతలు వాయించారు. గ్లాసుల చప్పుడు, జనం గుసగుసలు కూడా రికార్డులో ఉన్నాయి, మన హాల్లో పాప్‌కార్న్ కవరు చప్పుళ్ళలాగే. బేస్ స్కాట్ లఫారో. ఈయన నడవడు. లయకు ఒక అడుగు వెయ్యడం మానేసి పియానోతో మాట్లాడతాడు, మధ్యలో అడ్డుపడతాడు, పైస్థాయికి పోయి వయొలిన్ లాగా పలికిస్తాడు. పాల్ మోషన్ బ్రష్‌లతో లయను ఇద్దరి మధ్యా వదిలేస్తాడు, ఎవరు పట్టుకుంటే వాళ్ళది. జులై 6న లఫారో కారు ప్రమాదంలో పోయాడు, 25 ఏళ్ళు. ఎవాన్స్ నెలల తరబడి పియానో ముట్టలేదంటారు. ఆ రోజు రికార్డైనవాటిలోంచి వచ్చిన మొదటి ఆల్బంలో మొదటి పాటా, చివరి పాటా లఫారో కట్టినవే పెట్టారు, అట్ట మీద పేరూ వేశారు. పక్కవాద్యం పేరు అట్ట ముందుకు రావడానికి అంత జరగాల్సొచ్చింది.

ఇప్పటివాళ్ళు. డ్రమ్స్ బ్రయన్ బ్లేడ్ వెంట పోండి. మీరు ఆయన్ని తెలీకుండా వినే ఉంటారు, నోరా జోన్స్ 2002 ఆల్బం 'కమ్ అవే విత్ మీ'లో కొన్ని పాటలకు డ్రమ్స్ ఆయనే. అంత మెత్తగా వాయించేవాడు అదే ఏడు వచ్చిన వేన్ షార్టర్ 'ఫుట్‌ప్రింట్స్ లైవ్!'లో పిడుగులా పడతాడు. పియానో డానిలో పెరెజ్, బేస్ జాన్ పటిటూచి. నాలుగు జతల చెవులు ఒకే తలకాయకున్నట్టు వాయిస్తారు. ఇంకో జత: జాషువా రెడ్‌మన్ 'మూడ్‌స్వింగ్' 1994, 'రౌండ్‌అగైన్' 2020. రెండింట్లోనూ అదే నలుగురు, శాక్సఫోన్ రెడ్‌మన్, పియానో బ్రాడ్ మెల్డావ్, బేస్ క్రిస్టియన్ మెక్‌బ్రైడ్, డ్రమ్స్ బ్లేడ్. మధ్యలో 26 ఏళ్ళు. మొదటిదాంట్లో ఒకరికొకరు వినిపించుకోవాలని వాయిస్తారు. రెండోదాంట్లో ఆ తొందర లేదు. పాత స్నేహితులు అరుగు మీద కూచుంటే ఒకడు మాట మొదలుపెట్టక ముందే ఇంకొకడు నవ్వుతాడే, అట్లా.

శాక్సఫోన్ కమాసీ వాషింగ్టన్ 'ది ఎపిక్' (2015) అందరూ చెప్తారు. మూడు డిస్కులు, దాదాపు మూడు గంటలు, గాయకబృందం, తీగవాద్యాలు. చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన లాస్ ఏంజెలెస్ కుర్రాళ్ళు కలిసి చేసింది, ఆ దగ్గరితనం వినపడుతుంది. నాకైతే పెళ్ళి భోజనంలా ఉంటుంది, అన్నీ బాగుంటాయి, ఏది తిన్నానో గుర్తుండదు.

మీరు ఇంజనీరింగ్ చదువుతున్నారు కాబట్టి పియానో విజయ్ అయ్యర్ నచ్చుతాడు. అమెరికాలో తమిళ దంపతులకు పుట్టాడు, యేల్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివాడు. 2009లో 'హిస్టారిసిటీ', బేస్ స్టీఫన్ క్రంప్, డ్రమ్స్ మార్కస్ గిల్‌మోర్. ఈ గిల్‌మోర్ తాత డ్రమ్స్ రాయ్ హేన్స్, శాక్సఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్‌తో వాయించి, 2024లో 99 ఏళ్ళకు పోయిన మహానుభావుడు. మనుమడి చేతిలో లెక్క గాజు మీద గీసినట్టు ఉంటుంది. తర్వాత 2021లో అదే అయ్యర్ 'అనీజీ'. ఇక్కడ బేస్ లిండా మే హాన్ ఓ, డ్రమ్స్ టైషాన్ సోరీ. మళ్ళీ నా క్యాసెట్టు పరీక్షే: నాయకుడు ఒక్కడే, ఇద్దరు మారారు. సోరీ స్వయంగా పెద్ద స్వరకర్త, 2024లో సంగీతానికి పులిట్జర్ వచ్చింది, అందుకేనేమో ఆయన డ్రమ్స్ వాయిస్తూ పాట మొత్తం ఎటు పోవాలో ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. అయ్యర్ ఈ రెండో బృందంలో తక్కువ వాయిస్తాడు, ఎక్కువ వింటాడు. నాకు ఇదే ఇష్టం.

ఒకటి మాత్రం మన ఇంటి సంగతి. 2008లో రుద్రేశ్ మహంతప్ప 'కిన్స్‌మెన్' అని ఒకటి చేశాడు. శాక్సఫోన్ మీద ఆయన, ఆయన పక్కన ఇంకో శాక్సఫోన్ కద్రి గోపాల్‌నాథ్‌ది, పూవలూరు శ్రీజి మృదంగం. వయొలిన్ అవసరాల కన్యాకుమారి, మన విజయనగరం ఆవిడ, గాయని ఎం.ఎల్. వసంతకుమారి (ఎమ్మెల్వీ) గారికి ఏళ్ళ తరబడి పక్కవాద్యం వాయించినావిడ. 2016లో సంగీత కళానిధి వచ్చింది. ఈ ఆల్బంలో పియానో లేదు, గిటారు ఉంది. ఊదే ఇద్దరూ పోటీ పడుతుంటే ఆవిడ వయొలిన్ వచ్చిన చోట గది శ్రుతిలోకి వచ్చినట్టుంటుంది. పొడుగ్గా లాగదు, చెప్పాల్సింది చెప్పి పక్కకు తప్పుకుంటుంది. ఎమ్మెల్వీ గారి పక్కన కూచున్న చెయ్యి అని తెలిసిపోతుంది. కర్ణాటక సంగీతం, జాజ్ కలిపామని వచ్చే వాటిలో సగం నేను పది నిమిషాల్లో ఆపేస్తాను, ఇది ఆపలేదు.

మీ మృదంగం అటక మీద ఉందనీ, అమ్మాయిల గొంతుకు వాయించేదనీ రాశారు. అంటే ఐదు శ్రుతి చుట్టుపక్కల ఉండాలి. దించి దుమ్ము దులిపి, తొప్పికి రవ్వ పెట్టి, వలంతల (కుడివైపు) బిగించి ఐదుకు తెచ్చుకోండి. 'కైండ్ ఆఫ్ బ్లూ' నాలుగో పాట 'ఆల్ బ్లూస్' ఐదు శ్రుతే, ఏప్రిల్ 22న రికార్డైనది కాబట్టి ఏ పాత క్యాసెట్టులో విన్నా శ్రుతి సరిగానే ఉంటుంది. స్వరాలు హరికాంభోజికి దగ్గర. బార్‌కు ఆరు అక్షరాలు, రూపకం వేసుకున్నా సరిపోతుంది. ఛాంబర్స్ ఒకే ముక్కను మొదటి నుంచి తిప్పుతుంటాడు, దాని మీద కూచోండి. తీర్మానాలు వద్దు, తిశ్రంలో సర్వలఘువు చాలు. 11 నిమిషాలకు పైగా ఉంటుంది, చెయ్యి నొప్పి పెడితే ట్రంపెట్ అయిపోయి శాక్సఫోన్ అందుకునే చోట ఆపేయండి.